ఒంటి కంటి ఏడుపు

పెళ్లై కాపురానికి వచ్చిన కొత్తలో నేను తల నుంచి కాళ్ల దాకా సంతోషంగా ఉన్నాను, ఒక్క ఎడమ కన్ను తప్ప. దానికి కబురు అందలేదేమో, పొద్దున లేచింది మొదలు కారుతూనే ఉండేది. పెళ్లి ఫోటోల్లోనూ అంతే. కుడి కన్ను నవ్వుతుంటే ఎడమ కన్ను వీడ్కోలు చెబుతోంది. ఫోటోగ్రాఫరు "ఎంత సహజంగా వచ్చిందో!" అని మురిసిపోయి ఆ ఫోటోనే పెద్దది చేయించి ఇచ్చాడు.

నా సంతోషాలన్నీ చిన్నవి. ఒకే మగ్గులో రెండు బ్రష్‌లు తలలు ఆనించుకుని నిలబడటం. అందరి ముందూ మా ఆయన్ని 'మీరు' అని పిలిచి, మేడ మెట్లెక్కగానే 'నువ్వు'లోకి జారిపోవడం. నేను నాలుగేళ్లు కాలేజీలో చరిత్ర చదివాను గానీ, ఏ రాజూ రాణీ ఇంత బాగా బతికినట్టు ఎక్కడా చదవలేదు.

అన్నిటికన్నా పెద్ద సంతోషం మేడ మీది మా గది. మామయ్యకి ఇంటి ముందు భాగంలోనే పైపులూ కుళాయిలూ అమ్మే కొట్టుంది. మామయ్యా, మా ఆయనా కొట్టు చూసుకుంటూనే ఇళ్లకి వెళ్లి పైపులు బిగించి వస్తారు. పెళ్లికి ముందు మా ఆయన ఆ గది మూలలో తన చేత్తో ఓ బుల్లి తెల్ల బేసిన్ బిగించాడు. రెండు చేతులు పెడితే మరో వేలికి చోటుండదు. "నువ్వు మొహం కడుక్కోవడానికి కిందికి దిగక్కర్లేదు" అన్నాడు సిగ్గుపడుతూ. కొందరికి మొగుళ్లు పూలిస్తారు. నాకు కింద వంపు గొట్టంతో సహా బేసిన్ ఇచ్చాడు. ఆ కుళాయి తిప్పినప్పుడల్లా నా మనసు కూడా అర చుట్టు తిరిగేది.

మా అత్తయ్య చాలా మంచిమనిషి. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. గయ్యాళి అత్తగారైతే నా కన్నీళ్లు చూసి తన దారిన తాను పోయేది.

ఒక పొద్దున వంటింట్లో బంగాళాదుంపలు తరుగుతున్నాను. ఆ వంటిల్లు చూస్తే ఎవరికైనా వింతగానే ఉంటుంది. కిటికీకి మూడు జాలీలు. బయట ఇనపది, మధ్యలో సన్నది, లోపల టీ వడకట్టే గుడ్డలాంటిది. పైకప్పు రేకుల అతుకులన్నీ సిమెంటుతో మూసేశారు. తలుపు కింద సందుకి కూడా రబ్బరు పట్టీ. మిట్టమధ్యాహ్నం కూడా ఆ కిటికీలోంచి చూస్తే సాయంత్రమైనట్టుండేది.

"ఇన్ని జాలీలెందుకత్తయ్యా?" అని అడిగాను.

"మీ మామయ్యనడుగు. మా పెళ్లైన కొత్తలో మొదలెట్టారు. ఒకదాని మీద ఒకటి తగిలించుకుంటూ పోయారు. ఈగలంటే పడదనుకుంటా" అంటూ ఇటు తిరిగి, నా చెంప చూసి గరిటె పక్కన పెట్టేసింది. "ఏమ్మా, కళ్లు తుడుచుకుంటున్నావ్?"

"ఏం లేదత్తయ్యా. ఈ కన్ను ఊరికే కారుతోంది."

"ఊరికే?"

"అవునత్తయ్యా."

"నువ్వు కోసేది ఉల్లిపాయలు కూడా కాదు."

"కాదత్తయ్యా."

అత్తయ్య నా పక్కకొచ్చి నిలబడింది. "నేనూ అచ్చం ఇలాగే చెప్పేదాన్ని. ఈ గట్టు దగ్గరే, ఇలాగే కళ్లొత్తుకుంటూ, ఎవరడిగినా 'ఏం లేదు, కంట్లో నలుసు పడింది' అనేదాన్ని. ఏడుపుని ఏడుపని చెప్పే కొత్త కోడలు ఇంకా పుట్టలేదమ్మా."

"అయ్యో, నేను ఏడవట్లేదత్తయ్యా! ఏడిస్తే రెండు కళ్లూ కారాలి కదా?"

"రెండోది ధైర్యంగా ఉందన్నమాట. అదెన్నాళ్లుంటుందో!" అని నిట్టూర్చి, కొంగు బొడ్లో దోపి, నేరుగా కొట్లోకి నడిచింది. నేను బంగాళాదుంప చేత్తో పట్టుకునే వెనకాల పరిగెత్తాను.

మా ఆయన గల్లా దగ్గర కూర్చుని గొట్టాల మరలకి చుట్టే తెల్ల టేపు సర్దుతున్నాడు.

"ఏం చేశావురా ఆ పిల్లని?"

"నేనేం చేశానమ్మా?"

"అదే నేనడుగుతున్నా."

మా ఆయనలో ఓ బలహీనత ఉంది. ఏదైనా రెండుసార్లు గట్టిగా అడిగితే, చేసినా చెయ్యకపోయినా ఒప్పేసుకుంటాడు. "తడి తువ్వాలు మంచం మీద పడేశాను" అన్నాడు తల దించుకుని.

"ఇంకా?"

"గురక పెడుతున్నానేమో."

"ఇంకా?"

"తన బిస్కెట్లు రెండు తినేశా. కానీ తనే తినమందమ్మా!"

"చూశావా? తవ్వేకొద్దీ బయటపడుతున్నాయి!" అత్తయ్య అక్కడికక్కడే తీర్పిచ్చేసింది. "ఆ పిల్ల కన్ను ఆరేదాకా నా గదిలో పడుకుంటుంది. నువ్వు పైనే ఉండు, మీ నాన్న ముందు గదిలో సర్దుకుంటారు."

మామయ్య పైపుల వెనక నుంచి తల బయటపెట్టాడు. "మధ్యలో నేనేం చేశానే?"

"మీరెప్పుడేం చేశారు గనక!"

ఆ పూటే నా బ్రష్ మేడ దిగింది. మగ్గులో మా ఆయన బ్రష్ ఒక్కటే గోడకి చేరగిలబడి ఉండటం మెట్ల మీద నుంచి చూశాను. దానికి ఇంతకన్నా పెద్ద కష్టం ఇంకేమొస్తుంది?

నాకు సంతోషం తక్కువ కాలేదని రుజువు చేయడమే మార్గం అనుకున్నాను. భోజనాల దగ్గర గలగలా మాట్లాడాను. మా ఆయన కూడా సాయం చేయబోయి, ఒకావిడ మోటారు పాడైందని పిలిపించి, తీరా చూస్తే స్విచ్చే వెయ్యలేదన్న కబురు చెప్పాడు. నేను పగలబడి నవ్వాను. నవ్వితే కన్ను ముడుచుకుంటుంది. ముడుచుకుంటే ఇంకా కారుతుంది. ఎడమ చెంప మీదుగా ధార గడ్డం దాకా దిగింది.

"నవ్వించి మరీ ఏడిపిస్తున్నాడు" అంది అత్తయ్య, నా కంచంలో కూర వడ్డిస్తూ.

ఇక లాభం లేదని మర్నాడు కొట్లో, గొట్టాల వరసల వెనక మా ఆయన్ని కలుసుకున్నాను. సొంత మొగుణ్ణి పైపుల చాటున కలుసుకోవడంలో ఓ మజా ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఆయన గొట్టాల్లోకి తొంగిచూసే సన్న టార్చి తీసి, నా గడ్డం పట్టుకుని, మొహం పైకెత్తి కంట్లోకి చూస్తున్నాడు.

"కదలకు. ముక్కు పక్కన కొంచెం ఉబ్బింది. నొక్కనా?"

"నొక్కితే?"

"పూడిక ఉంటే తెలుస్తుంది."

సరిగ్గా అప్పుడే పక్కింటి టైలరమ్మ కుళాయి వాషరు కోసం లోపలికొచ్చింది. ఆవిడకి కనబడింది ఇది: చీకటి మూల, మొగుడు పెళ్లాం గడ్డం గట్టిగా పట్టుకున్నాడు, పెళ్లాం చెంప తడిసిపోయింది. ఆవిడ వాషరు మాటే మరిచిపోయి అత్తయ్యని వెతుక్కుంటూ మా పెరటి గుమ్మం వైపు తిరిగిపోయింది.

సాయంత్రానికి అత్తయ్య మా అమ్మకి ఫోను చేసేసింది.

"ఆదివారం మీ అమ్మ వస్తుంది. కొన్నాళ్లు పుట్టింట్లో ఉండిరా తల్లీ. వీడికి బుద్ధొచ్చాక నేనే వచ్చి తీసుకొస్తా."

అప్పుడు మాత్రం నాకు నిజంగా ఏడుపొచ్చింది. మేడ మీది గదీ, బుల్లి బేసినూ, ఒంటరి బ్రష్షూ కళ్ల ముందు తిరిగాయి. రెండు కళ్లూ కట్టలు తెంచుకున్నాయి.

"చూశావురా? రెండోది కూడా మొదలైంది!" అంది అత్తయ్య.

మా ఆయన మాత్రం తల్లి మాట వినడం లేదు. నా మొహం వైపే కళ్లప్పగించి చూస్తున్నాడు. భార్య ఏడుస్తుంటే ఏ మొగుడూ అంత ఉత్సాహంగా చూడకూడదు.

"అమ్మా! దీని ముక్కు ఒకవైపే కారుతోంది!"

"సిగ్గులేదూ! అది ఏడుస్తుంటే ముక్కు గురించి మాట్లాడతావా?"

"అది కాదమ్మా. ఏడిస్తే ముక్కెందుకు కారుతుంది? కంటి నీళ్లు ముక్కులోకి దిగుతాయన్నమాట! కుడివైపు దిగుతున్నాయి. ఎడమవైపు దిగట్లేదు. కాలవ పూడింది!"

మామయ్య తువ్వాలు భుజాన వేసుకుని రంగంలోకి దిగాడు. "కారేదెప్పుడూ కుళాయేరా. వాషరు అరిగుంటుంది."

"కాదు నాన్నా, కాలవ."

"కుళాయి. ఇన్నేళ్ల అనుభవంతో చెబుతున్నా."

మా ఆయన అందర్నీ మేడ మీదికి తీసుకెళ్లాడు. నా గదిని మళ్లీ చూడగలిగినందుకు ఆ గొడవలోనూ నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన బేసిన్ రంధ్రంలో గుడ్డ కుక్కి, కుళాయి సన్నగా వదిలాడు. మేమంతా చుట్టూ మూగి చూస్తుండగా బేసిన్ నిండి, అంచు మీదుగా పొర్లి, మామయ్య పాదాల మీద పడింది.

"చూడమ్మా. కుళాయి ఎక్కువేం పొయ్యట్లేదు. పోయే దారి మూసుకుపోయింది, అందుకని పొర్లుతోంది."

"నా కోడల్ని సింకంటావా?" అత్తయ్య కళ్లెర్రజేసింది. "దాని మనసులో ఏదో అడ్డం పడిందని నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాగా!"

మామయ్య తడి పాదాలు విదిలించాడు. ఆయనకి నా కన్నూ పట్టలేదు, కొడుకు కాపురమూ పట్టలేదు. పట్టిందల్లా వాషరు పరువు. "పదండి, కళ్ల డాక్టరు దగ్గరికి. కుళాయో కాలవో అక్కడే తేలిపోతుంది."

అలా నా సంసారాన్ని నిలబెట్టే ప్రయాణం వాషరు పరువు కోసం మొదలైంది. నలుగురం వెళ్లాం.

డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది. నన్ను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం చట్రానికి ఆనించి దీపం వేసి చూస్తోంది. బల్ల మీద గుమ్మడికాయంత ప్లాస్టిక్ కన్ను ఉంది. మామయ్య దాన్ని తిప్పి చూస్తూ మూత ఊడదీశాడు. లోపలి నుంచి అద్దపు బిళ్ల జారి బల్ల కిందికి దొర్లిపోయింది.

"దాన్నలా ఉంచండి బాబాయ్ గారూ" అంది డాక్టరమ్మ, తల తిప్పకుండానే. "మీ అమ్మాయి సంగతి అందులో లేదు."

"అసలు కంటి లోపల కూడా నీళ్లున్నాయా?" అన్నాడు మామయ్య.

"ఉన్నాయి. ఆ నీళ్లు వేరు, వాటి కాలవ వేరు. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి చూపే పోతుంది. బయటికి ఒక్క చుక్క కూడా రాదు. ఈ అమ్మాయిది బయటి నీళ్ల గొడవ. చూపుకేం భయం లేదు." కుర్చీ వెనక్కి జరుపుకుని తన కనుబొమ్మ చివర వేలు పెట్టి చూపించింది. "కుళాయి ఇక్కడుంటుంది, ఎముక కింద. ఏడ్చినా ఏడవకపోయినా రోజంతా సన్నగా నీళ్లు వదులుతుంది. రెప్ప వేసినప్పుడల్లా ఆ నీళ్లు కన్నంతా పరుచుకుంటాయి. తర్వాత ముక్కు వైపు మూలలో, పై రెప్పకొకటి, కింది రెప్పకొకటి సూదిమొనంత రంధ్రాలుంటాయి. వాటిలోంచి ముక్కు పక్కనున్న చిన్న సంచిలోకి, అక్కడి నుంచి గొట్టం గుండా ముక్కులోకి దిగుతాయి."

మా ఆయన తండ్రి వైపు చూశాడు. ఆ చూపులో బేసిన్ అంత వెలుగుంది.

"ముందు పరీక్ష కానివ్వరా" అన్నాడు మామయ్య.

డాక్టరమ్మ కంట్లో మొద్దుబార్చే మందు వేసి, మొన లేని సన్నటి సూదితో ముందు కుడి కంటి మూల రంధ్రంలోకి కొంచెం ఉప్పునీళ్లు పంపింది. "ఏమనిపిస్తోంది?"

"గొంతులో ఉప్పగా ఉంది!" అన్నాను. కంట్లో పోస్తే గొంతులో రుచి తెలిసింది! నేను ఇన్నాళ్లూ ఇంత తమాషా గొట్టాలు మొహంలో పెట్టుకుని తిరుగుతున్నానా అని నవ్వొచ్చింది.

ఎడమ కంటికొచ్చేసరికి గొంతులో ఏ ఉప్పూ తగల్లేదు. పంపిన నీళ్లు పంపినట్టే చివ్వున వెనక్కి చిమ్మి, దగ్గరగా వంగి చూస్తున్న మామయ్య కళ్లజోడు మీద పడ్డాయి.

"కాలవే" అన్నాడు మామయ్య, కళ్లజోడు తుడుచుకుంటూ. ఓడిపోయినా మనిషి నిజాయితీపరుడు.

"అవును. గొట్టం మూసుకుపోయింది" అంది డాక్టరమ్మ. "ఈ అమ్మాయి ఏడవడం లేదమ్మా. నీళ్లు దిగే దారి లేక పొర్లుతున్నాయి, అంతే. ముక్కులోంచే చిన్న ఆపరేషను చేసి కొత్త దారి వేస్తే సరిపోతుంది."

అత్తయ్య నన్ను చూసింది, సూదిని చూసింది, కొడుకుని చూసింది. "నిజంగానే ఏడుపు కాదా?" అంది మెల్లగా. "మరి నేనెందుకు నమ్మలేదంటే డాక్టరమ్మా, నేను పెళ్లైన కొత్తలో రోజూ ఏడ్చేదాన్ని. ఈయన తెల్లారకుండానే పనికి పోయేవారు. తిరిగొచ్చాక గొట్టాల కొలతలు తప్ప మాట లేదు. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఏమైందని అడిగితే నలుసు పడిందనేదాన్ని."

గదిలో కళ్లజోడు తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"అంటే... అది నలుసు కాదా?" అన్నాడు మామయ్య.

"ఏ నలుసు రోజూ పడుతుందండీ?"

"అదే కదా నేనూ అనుకున్నది! రోజూ పడుతోందంటే ఎక్కడి నుంచో వస్తోందని, కిటికీకి జాలీ కొట్టాను. అయినా పడుతోందన్నావు. ఇంకోటి కొట్టాను. కప్పు నుంచి రాలుతోందేమోనని అతుకులు మూశాను. తలుపు కింద రబ్బరు వేశాను. అయినా పడుతోందంటే, ఇంకెక్కడి నుంచి వస్తోందిరా బాబూ అని కప్పెక్కి వెతికేవాణ్ణి!"

"ఆ జాలీలు ఈగల కోసం కాదా?"

"నాకు ఈగలతో ఏం పని?"

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ఆ గదిలో కళ్ల గురించి అన్నీ తెలిసినావిడ కూడా చెప్పలేకపోయింది. చివరికి డాక్టరమ్మే గొంతు సవరించుకుని, "ఆపరేషను ఎప్పుడు పెట్టుకుందాం?" అంది.

ఇంటికి రాగానే అత్తయ్య మా అమ్మకి ఫోను చేసి ఆదివారం ప్రయాణం మాన్పించింది. కానీ నా బ్రష్ మాత్రం మేడ ఎక్కలేదు. "కన్ను ఆరేదాకా అన్నాను. మాటంటే మాటే. పైగా ఆపరేషనయ్యాక చీదకూడదంది డాక్టరమ్మ. వీడు పక్కనుంటే నవ్వించి తుమ్మిస్తాడు."

ఆపరేషను చక్కగా అయింది. ముక్కు పక్క ఎముకలో చిన్న కిటికీలాంటిది తీసి, కంటి సంచిని నేరుగా ముక్కుకి కలిపారట. దారి మూసుకుపోకుండా వెంట్రుకంత రబ్బరు గొట్టం కొన్ని వారాలుంచారు. నా మొహంలో కొత్త పైపు వేశారని మా ఆయన కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. గొట్టం తీసేసిన రోజు డాక్టరమ్మ, "ఇకమీదట కంట్లో నీళ్లు తిరిగితే ముక్కు రెండువైపులా కారాలి. అలా కారితే దారి బాగా పనిచేస్తున్నట్టే" అంది.

అత్తయ్య ఆ మాట పట్టుకుంది. "అయితే అది చూశాకే పైకి."

ఏడుద్దామంటే నాకు ఏడుపు రాదు. మా ఆయన తడి తువ్వాలు ఆరేసిన తీరు చూసినా నవ్వే వస్తుంది. ఆయన సంచీడు ఉల్లిపాయలు తెచ్చాడు. "కళ్లు మండించి ఏడిపిస్తావట్రా దాన్ని!" అని అత్తయ్య సంచి లాక్కుంది. మళ్లీ భోజనాల దగ్గర ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం.

మామయ్యలో మాత్రం మార్పొచ్చింది. సాయంత్రాలు కొట్టు కట్టేశాక వంటింట్లో స్టూలేసుకుని కూర్చునేవాడు. అత్తయ్యతో కబుర్లు చెప్పాలని ఆయన తాపత్రయం. తెలిసిన కబుర్లన్నీ పైపులవే. "ఇవాళ ఒకళ్లింట్లో ముప్పావు అంగుళం గొట్టం వంద వంకర్లు పోయిందే" అనేవాడు. అత్తయ్య "అవునా? తర్వాత?" అనేది, అదేదో గొప్ప కథైనట్టు. గుమ్మం వెనకాల నిలబడి ఆ కబుర్లు వినడం నా కొత్త సంతోషం.

ఒక ఆదివారం పొద్దున మామయ్య నిచ్చెన తెచ్చాడు. "ఇన్నాళ్లూ నిన్ను చీకట్లో పెట్టాను. తీసేస్తున్నా" అంటూ మూడు జాలీలూ ఒకటొకటిగా ఊడదీశాడు. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము బయట పడింది. వంటింట్లోకి ఒక్కసారి ఎండ వచ్చింది. గట్టు మీది గిన్నెలన్నీ కొత్తవైనట్టు మెరిశాయి. కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డ అత్తయ్య మొహం మీదికి గాలి రివ్వున కొట్టింది.

"అబ్బా!" అని కన్ను మూసుకుంది. "నలుసు పడింది."

మామయ్య నిచ్చెన దిగిన వేగానికి నిచ్చెనే వెనక్కి పడింది. "చెప్పు. ఏమైంది? నేనేమన్నా అన్నానా?"

"ఏం లేదండీ, నలుసు పడింది."

"ఇంకా నన్ను మభ్యపెట్టకు! ఇన్నాళ్లూ నమ్మి చెడ్డాను. పొద్దున టీ బాలేదన్నాననా? చాలా బాగుంది. రెండో కప్పు కూడా తాగుతాను."

"నిజంగానే నలుసండీ బాబూ!"

"మనసులో మాట చెప్పవే, నీకు దణ్ణం పెడతాను!" మామయ్య సుత్తి చేత్తో పట్టుకునే దణ్ణం పెట్టాడు. అత్తయ్య ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో ఆయన్ని గుడ్లురిమి చూస్తోంది.

నేను గోడకి చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకోలేకపోయాను. పక్కటెముకలు నొప్పెట్టాయి. రెండు కళ్లలోంచీ నీళ్లు పొంగాయి. ఒక్క క్షణం నిలబడి, మెల్లగా ఎక్కడికో దిగిపోయాయి. ముక్కు చివర ఏదో చల్లగా తగిలింది.

"అమ్మా! రెండువైపులా!" మా ఆయన కేక కొట్టుదాటి వీధి దాకా వినిపించి ఉంటుంది. "అమ్మా, చూడు! దీని ముక్కు రెండువైపులా కారుతోంది!"

అత్తయ్య ఒంటి కన్నుతోనే నా దగ్గరికొచ్చి, నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, ముక్కు కుడివైపు, ఎడమవైపు నింపాదిగా పరిశీలించింది. తన కొంగుతోనే నా ముక్కు తుడిచింది.

"ఊఁ. నీ బ్రష్షు తీసుకుని పైకి పో" అంది.

నేను బ్రష్ కోసం పరిగెత్తాను. మా ఆయన అప్పటికే సగం మెట్లెక్కేసి, పైన మగ్గు కడుగుతానంటున్నాడు. కింద నుంచి మామయ్య గొంతు వినిపిస్తూనే ఉంది.

"నిజం చెప్పు. నలుసేనా?"

"నలుసేనండీ!"

పడిపోయిన నిచ్చెన లేపి నిలబెట్టిన చప్పుడైంది.

"అయితే జాలీ మళ్లీ బిగించనా?"

"ఒక్కటి బిగించండి" అంది అత్తయ్య. "ఎండ రావాలి."